పిచర్ల వరుస రికార్డులు: అచ్చుకాని సగం లెక్క

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ పత్రిక క్రీడా పుటలో అమెరికా బేస్‌బాల్ వార్తలకు కూడా చోటు దొరుకుతున్నందుకు సంతోషిస్తున్నాను. అక్కడ స్థిరపడిన పిల్లల దగ్గరికి వెళ్లివచ్చే నాబోటి పెద్దవాళ్లకు ఆ ఆట ఇప్పుడు కొత్తేమీ కాదు. నేనూ లాస్ ఏంజెలెస్‌లో మా అమ్మాయి ఇంట ఉన్న రోజుల్లో మనవడి పక్కన కూర్చుని, స్కోరు కాగితం నింపుతూ ఆ ఆట నేర్చుకున్నాను. అయితే ఆ వార్తలలో పదే పదే కనబడే ఒక వాక్యం గురించి, చాలా ఏళ్లపాటు గణాంకశాస్త్రం బోధించినవాడిగా, కొంత వివరంగా రాయాలనిపించింది. "ఫలానా పిచర్ వరుసగా ఇన్ని ఇన్నింగ్స్‌లో పరుగు ఇవ్వలేదు, అతడు అద్భుతమైన ఊపులో ఉన్నాడు" అన్నదే ఆ వాక్యం. అందులో మొదటి సగం లెక్క. రెండో సగం తీర్పు. ఆ లెక్క నుంచి ఆ తీర్పు దానంతటదే రాదు. మధ్యలో చేయవలసిన పని చాలా ఉంది, ఆ పని మాత్రం ఎప్పుడూ అచ్చు కావడం లేదు.

బేస్‌బాల్ చూడని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. క్రికెట్‌లో బౌలర్ చేసే పనిని అక్కడ పిచర్ చేస్తాడు. ముగ్గురు ఔటయితే ఆ జట్టు ఇన్నింగ్స్ ముగుస్తుంది. మ్యాచ్‌లో ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి; అప్పటికి స్కోరు సమంగా ఉంటే అదనపు ఇన్నింగ్స్ ఆడతారు. ప్రధాన లీగ్‌లో ఇప్పుడు 30 జట్లు ఉన్నాయి, ఒక్కో జట్టు ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడుతుంది. మ్యాచ్‌ను ఆరంభించే పిచర్‌కు ఐదు రోజులకు ఒకసారి వంతు వస్తుంది కనుక, ఏడాది పొడవునా ఆరోగ్యంగా ఉన్నవాడు సుమారు 32 మ్యాచ్‌లు ఆరంభిస్తాడు. ఈ 32 అన్న అంకెతో తర్వాత పని ఉంది.

వరుసల ప్రస్తావన వస్తే ముందుగా గుర్తుకొచ్చే పేరు ఓరెల్ హెర్షైజర్. 1988లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు తరఫున అతడు ఆగస్టు 30 నుంచి సెప్టెంబరు 28 దాకా వరుసగా 59 ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగూ ఇవ్వలేదు. మాంట్రియల్‌లో ఒక మ్యాచ్ చివరి నాలుగు ఇన్నింగ్స్, ఆ తర్వాత ఐదు మ్యాచ్‌లు మొదటి నుంచి చివరి దాకా, ఆఖరున శాన్ డియాగోలో ఒకే రాత్రి పది ఇన్నింగ్స్: నాలుగు, నలభై అయిదు, పది కలిపితే 59. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1968లో, అదే జట్టు పిచర్ డాన్ డ్రైస్‌డేల్ నెలకొల్పిన 58 ఇన్నింగ్స్ రికార్డు దానితో చెరిగిపోయింది. హెర్షైజర్ రికార్డు నేటికీ నిలిచే ఉంది.

ఇది అదృష్టమా, ఊపా అని అడిగే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: మామూలు రోజుల్లో ఆ పిచర్ వేసే ప్రతి వంద ఇన్నింగ్స్‌లో పరుగు రానివి ఎన్ని? ఉదాహరణకు ఆ సంఖ్య 80 అనుకుందాం. ఒక్కో ఇన్నింగ్స్ ఫలితం పక్క ఇన్నింగ్స్‌తో సంబంధం లేకుండా వస్తుందనుకుంటే, ఏదో ఒక చోట మొదలుపెట్టి వరుసగా 59 ఇన్నింగ్స్ పరుగు లేకుండా గడిచే సంభావ్యత సుమారు 5 లక్షల 20 వేలకు ఒకటి. ఆ సంఖ్య 85 అయితే 14,600కు ఒకటి. 90 అయితే 500కు ఒకటి. వందకు పది ఇన్నింగ్స్ తేడా వచ్చేసరికి అసాధ్యమనిపించినది అరుదైనదిగా మాత్రమే మిగిలింది. ఈ ఒక్క లెక్కలో రెండు విషయాలు ఉన్నాయి. సగటు పిచర్ సంఖ్యను పట్టుకుని గొప్ప పిచర్ వరుసను కొలిస్తే అది అద్భుతంగా కనబడి తీరుతుంది. అంతకంటే నాకు ముఖ్యమనిపించేది రెండోది: ఊపు అన్నది ఏదో పూనకం లాంటిది కానక్కరలేదు. నెల రోజులపాటు 80 కాస్తా 90 అయితే అదే ఊపు. అలా చెబితే దానిని కొలవవచ్చు, పరీక్షించవచ్చు, తప్పని తేలితే వదులుకోవచ్చు.

ఇక్కడ చాలామంది ఒక దారి తొక్కుతారు. హెర్షైజర్ ఆ ఏడాది మొత్తం 267 ఇన్నింగ్స్ వేశాడు; ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చినవి మినహాయిస్తే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 2.26 పరుగులు, అంటే మొత్తం 67 పరుగులు ఇచ్చాడు. అందులోంచి 59 ఇన్నింగ్స్ తీసేస్తే మిగిలిన 208 ఇన్నింగ్స్‌లో సగటు 2.90 అవుతుంది. "చూశారా, ఒకవైపు 2.90, మరోవైపు సున్నా, ఈ ఇద్దరూ ఒకే మనిషేనా?" అని అడుగుతారు. ఈ పోలిక మొదటికే చెల్లదు. పరుగులు లేని భాగాన్ని ఏరి పక్కన పెట్టాక మిగిలిన భాగంలో పరుగులు ఎక్కువగా కనబడక ఏం చేస్తాయి? నాణేన్ని ఎగరేసి, అతి పొడవైన బొమ్మల వరుసను కత్తిరించి తీసేసినా, మిగిలిన వాటిలో సాధారణంగా బొరుసులదే పైచేయి అవుతుంది. ఆ నాణేనికి ఊపు అంటగట్టం కదా.

ఒక సంఘటన మన కంటబడే అవకాశం ఆ సంఘటన పరిమాణం మీదే ఆధారపడి ఉన్నప్పుడు వచ్చే ఈ చిక్కు గణాంకశాస్త్రానికి పాతదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదువుకున్న మన గణాంకవేత్త సి.ఆర్. రావు గారు 1965లో భారిత విభాజనాల (కొన్ని సంఘటనలు మిగతావాటికంటే ఎక్కువగా కంటబడే నమూనాల) సిద్ధాంతాన్ని ఒక కొలిక్కి తెచ్చింది ఇటువంటి చిక్కుల కోసమే. పొడవైన వరుసలే వార్తలకెక్కుతాయి, పొట్టివి ఎక్కవు. కాబట్టి వార్తలలో కనబడే వరుసలు అన్ని వరుసలకూ ప్రతినిధులు కావు. ఆయన పేరు మన విద్యార్థులు గర్వంగా చెప్పుకుంటారు. ఆయన ఆలోచన మన క్రీడా పుటల్లోనూ కనబడాలని నా కోరిక.

ఎన్ని చోట్ల వెతికితే ఆ వరుస దొరికిందో కూడా లెక్కించాలి. 30 జట్లు, 162 మ్యాచ్‌లు, తొమ్మిది ఇన్నింగ్స్: ఏడాదికి సుమారు 43,740 ఇన్నింగ్స్. పిచర్లందరూ అచ్చంగా ఒకే స్థాయివారని, ప్రతి నాలుగు ఇన్నింగ్స్‌లో మూడు పరుగు లేకుండా గడుపుతారని, ఎవరికీ ఏ ఊపూ లేదని అనుకుందాం. అటువంటి ఊహా ప్రపంచంలో కూడా, ఏడాది అంచుల దగ్గర తెగిపోయేవాటిని పట్టించుకోకపోతే, 20 ఇన్నింగ్స్ లేదా అంతకు మించి సాగే వరుసలు ఏటా సుమారు 35 పుడతాయి. నిజ జీవితంలో పిచర్లు ఒకే స్థాయివారు కారు. మేటి పిచర్లకు ఇటువంటి వరుసలు ఇంకా సులువుగా వస్తాయి. 20 ఇన్నింగ్స్ వరుస వార్తే, కాదనను. కానీ దానిని ఊపుకు సాక్ష్యంగా నిలబెట్టాలంటే, ఊపు లేని ప్రపంచంలో వచ్చేదానికంటే అటువంటివి ఎక్కువ వస్తున్నాయని చూపాలి.

వరుసను దేనితో కొలుస్తున్నామన్నది మరో ప్రశ్న. బేస్‌బాల్‌లో ప్రతి మ్యాచ్ గెలుపునూ ఓటమినీ ఒక్కో పిచర్ పేరిట రాస్తారు. ఆ గెలుపు ఓటములతో కొలిచే వరుసలను పిచర్ ఖాతాలో వేయడం నాకు బొత్తిగా నచ్చదు. న్యూయార్క్ మెట్స్ పిచర్ ఆంథనీ యంగ్ 1992, 1993 సంవత్సరాల మధ్య వరుసగా 27 ఓటములు మూటగట్టుకున్నాడు. ప్రధాన లీగ్ చరిత్రలో అంతటి వరుస మరొకరికి లేదు. అతడు అంత చెడ్డ పిచర్ అయి ఉంటాడని అంకె చూసినవారు అనుకుంటారు. కానీ 1992లో అతడే 15 మ్యాచ్‌లలో జట్టు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడి సేవ్‌లు సాధించాడు. 1993లో ఒక గెలుపు, 16 ఓటములతో ముగించినా తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతడిచ్చిన పరుగుల సగటు 3.77 మాత్రమే. బలహీనమైన జట్టులో, తన బ్యాటర్లు పరుగులు తీయని రోజుల్లో బంతి వేసినందుకు ఒక మనిషి పేరు ఓటమికి మారుపేరైంది. 1936, 1937లలో న్యూయార్క్ జెయింట్స్ పిచర్ కార్ల్ హబ్బెల్ సాధించిన వరుస 24 గెలుపులను కూడా ఇదే కంటితో చూడాలి. అతడి గొప్పతనం నిజమే, కానీ ఆ 24లో అతడి జట్టు వాటా కూడా ఉంది.

ఇక 32 దగ్గరికి వస్తాను. ఒక పిచర్ ఏడాదిలో ఆరంభించిన 32 మ్యాచ్‌లలో 16 బాగా, 16 బాగులేకుండా వేశాడనుకుందాం. వాటిని తేదీల వరుసలో రాసి, ఒకే రకం ఫలితాలు పక్కపక్కన వచ్చిన చోటల్లా ఒక గుత్తిగా లెక్కిస్తే, ఊపు లేనప్పుడు సగటున 17 గుత్తులు రావాలి. ఊపు ఉన్న పిచర్‌కు గుత్తులు తక్కువగా, పెద్దవిగా ఉంటాయి. గణాంకవేత్తలు వాల్డ్, వోల్ఫోవిట్జ్ 1940లో ఇచ్చిన ఈ పరీక్ష ప్రకారం ప్రమాణ విచలనం (సగటుకు అటూ ఇటూ మామూలుగా ఉండే ఎడం) సుమారు 2.8. అంటే 12 మొదలు 22 దాకా ఎన్ని గుత్తులు వచ్చినా ఆశ్చర్యపడవలసిన పని లేదు. మామూలు నాణేన్ని 32 సార్లు ఎగరేస్తే ఏదో ఒక చోట అయిదు బొమ్మలో అయిదు బొరుసులో వరుసగా పడే అవకాశం సుమారు 65 శాతం. వరుసగా అయిదు మంచి మ్యాచ్‌లు వేసిన పిచర్ మీద పత్రికలో ప్రత్యేక వ్యాసం వస్తుంది. వరుసగా అయిదు బొమ్మలు పడిన నాణెం గురించి ఎవరూ రాయరు.

ఇంతవరకు చదివినవారు నన్ను, ఊపు అన్నది వట్టి భ్రమ అనే పక్షంలో వేస్తారేమో. ఆ పక్షానికి పెద్ద బలం 1985లో దొరికింది. గిలోవిచ్, వలోన్, ట్వెర్‌స్కీ అనే ముగ్గురు పరిశోధకులు బాస్కెట్‌బాల్ గణాంకాలు పరిశీలించి, వరుసగా బుట్టలో వేసినవాడికి తర్వాతి ప్రయత్నంలో అవకాశం పెరగడం లేదని, ఊపు చూసేవారి కంటి భ్రమ అని తేల్చారు. మూడు దశాబ్దాలపాటు నాబోటి అధ్యాపకులం దానినే తరగతిలో చెప్పాం. నేనూ చెప్పాను. ఆ పద్ధతిలో ఒక సూక్ష్మమైన లోపం ఉందని జాషువా మిల్లర్, ఆడమ్ సంజూర్జో 2018లో ప్రచురించిన పరిశోధనలో నిరూపించారు. పాఠకులు కాగితం మీద సరిచూసుకోవచ్చు. నాణేన్ని మూడుసార్లు ఎగరేస్తే ఎనిమిది రకాల వరుసలు వస్తాయి. ఒక్కో వరుసలో, బొమ్మ పడిన వెంటనే మళ్లీ బొమ్మ పడిన నిష్పత్తిని రాయండి. చివరిదానికి ముందు బొమ్మే లేని రెండు వరుసలను వదిలేస్తే మిగిలిన ఆరింటిలో ఆ నిష్పత్తులు 1, సగం, 0, 0, 1, 0. వాటి సగటు సగం రాదు. పన్నెండింట అయిదు, అంటే సుమారు 41.7 శాతం వస్తుంది. చిన్న నమూనాలలో ఆ కొలబద్ద దానంతటదే ఊపుకు వ్యతిరేకంగా మొగ్గుతుందన్నమాట. కాబట్టి ఆ కొలతలో 50 శాతం వచ్చినవాడికి ఊపు లేదనడం పొరపాటు. నిజానికి అతడిలో కొంత ఊపు ఉందనడానికే అది గుర్తు కావచ్చు. నా పాత విద్యార్థులలో ఎవరైనా ఇది చదివితే, నేను చెప్పిన ఆ పాఠాన్ని ఇలా సవరించుకోవాలని కోరుతున్నాను.

లోపం అంతటితో ఆగదు. ఒక పిచర్ నిజంగానే రెండు స్థితుల మధ్య మారుతుంటాడనుకుందాం: మంచి స్థితిలో వందకు 60 మ్యాచ్‌లు బాగా వేస్తాడు, చెడు స్థితిలో 40. ఇది చిన్న తేడా కాదు. ఏ శిక్షకుడైనా దీనికోసం నిద్ర మానుకుంటాడు. అయినా ఒక మ్యాచ్ ఫలితానికీ తర్వాతి మ్యాచ్ ఫలితానికీ మధ్య సహసంబంధం (సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం) 0.04కు మించదు, ఎందుకంటే స్థితి వల్ల వచ్చే విచలన వర్గం (ఫలితాలు ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 0.01 కాగా మొత్తం విచలన వర్గం 0.25. అంత బలహీనమైన సంబంధం యాదృచ్ఛికమైన ఒడిదుడుకుల నుంచి స్పష్టంగా విడివడి కనబడాలంటే సుమారు 2,500 మ్యాచ్‌లు కావాలి. ఏడాదికి 32 చొప్పున 78 ఏళ్లు. ఏ పిచర్ చెయ్యీ అన్నాళ్లు నిలవదు. పరీక్షలో ఊపు కనబడలేదని ఎవరైనా రాస్తే, ఆ పరీక్షకు ఊపును చూసే శక్తి ఉందా అని పాఠకుడు అడగాలి.

అందువల్ల మ్యాచ్ ఫలితాలను వదిలి బంతి దగ్గరికే వెళ్లడం సరైన దారి. ఆరంభ పిచర్ ఏడాదికి మూడు వేల దాకా బంతులు వేస్తాడు. 2000 దశకం మధ్య నుంచి మైదానాలలో కెమెరాలు ప్రతి బంతి వేగాన్ని, అది తిరిగిన తీరును నమోదు చేస్తున్నాయి. 2015 నుంచి స్టాట్‌కాస్ట్ అనే వ్యవస్థ అన్ని ప్రధాన మైదానాలలోనూ ఉంది. గెలుపు, ఓటమి అనే రెండు ముక్కల సమాచారం స్థానంలో మైళ్ల లెక్కన కొలిచిన వేగం వచ్చింది. రాబర్ట్ ఆర్థర్, గ్రెగ్ మాథ్యూస్ 2017లో ఫాస్ట్‌బాల్ వేగాలను తీసుకుని, పైకి కనబడని స్థితులను పైకి కనబడే కొలతల నుంచి రాబట్టే మార్కోవ్ నమూనాతో పరిశీలించి, పిచర్ల వేగంలో ఊపు ఉన్న స్థితి, ఊపు తగ్గిన స్థితి నిజంగానే ఉన్నాయని చూపారు. 2018లో బ్రెట్ గ్రీన్, జెఫ్రీ జ్వీబెల్ బ్యాటర్లు, పిచర్లు ఇద్దరికీ పది రకాల కొలమానాలలో ఊపు ఆనవాళ్లు కనబడుతున్నాయని ప్రచురించారు. వారి వాదనలో నాకు నచ్చిన అంశం ఒకటుంది. బాస్కెట్‌బాల్‌లో ఊపు మీదున్నవాడి మీదికి ప్రత్యర్థులు అదనంగా ఒకరిని పంపి అతడి ఊపును అంకెలలో కనబడకుండా చేయగలరు. బేస్‌బాల్‌లో అలా బలగాన్ని మళ్లించే వెసులుబాటు తక్కువ, కనుక ఉన్న ఊపు అంకెలలో బయటపడుతుంది.

అయితే వేగం పెరిగినంత మాత్రాన పరుగులు ఆగవు. బ్యాట్‌కు తగిలి మైదానంలో పడిన బంతి ఫీల్డర్ చేతిలో పడుతుందా, ఇద్దరి మధ్య నుంచి జారుతుందా అన్నది చాలావరకు పిచర్ అదుపులో లేదని బేస్‌బాల్ గణాంకాల విశ్లేషకుడు వోరోస్ మెక్రాకెన్ 2001లో చూపించి ఆ రంగాన్నే కుదిపేశారు. అంపైర్ల మాట ఉండనే ఉంది. 1968 మే 31న, డ్రైస్‌డేల్ వరుస మధ్యలో, అన్ని బేస్‌లూ (పరుగు పూర్తిచేయడానికి ఆటగాడు ఒక్కొక్కటిగా దాటవలసిన మజిలీలు) నిండి ఉండగా బంతి నేరుగా శాన్ ఫ్రాన్సిస్కో బ్యాటర్ డిక్ డైట్జ్‌కు తగిలింది; బంతి తగిలినవాడికి మొదటి బేస్ దక్కి ముందున్నవారంతా ఒక్కో బేస్ జరుగుతారు కనుక నిబంధన ప్రకారం పరుగు రావాలి. అతడు తప్పుకునే ప్రయత్నం చేయలేదని అంపైర్ నిర్ణయించడంతో పరుగు రాలేదు, వరుస తెగలేదు. పైగా 1968 పిచర్ల ఏడాది. సెయింట్ లూయిస్ పిచర్ బాబ్ గిబ్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు 1.12. మరుసటి ఏడాది పిచర్ నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించవలసి వచ్చింది. హెర్షైజర్ పూర్తిగా వేసిన ఐదు మ్యాచ్‌లలో రెండు అట్లాంటా బ్రేవ్స్ మీద, ఆ జట్టు ఆ ఏడాది 54 గెలిచి 106 ఓడింది. ఇవన్నీ ఆ ఇద్దరి ఘనతనూ తగ్గించవు. వరుస అంతటా ఒకే సంభావ్యత ఉందన్న ఊహ ఎంత మోటుగా ఉంటుందో మాత్రం చెబుతాయి. గాలి పలచగా ఉండి బంతి దూరం వెళ్లే ఎత్తయిన డెన్వర్ మైదానంలో వేసిన ఇన్నింగ్స్‌నూ, సముద్రమట్టంలో వేసిన ఇన్నింగ్స్‌నూ ఒకే గాటన కట్టే లెక్కలో ఊపు కనబడినా అది మ్యాచ్‌ల షెడ్యూలుదే కావచ్చు.

కనుక నా విన్నపం ఇది. ఒక పిచర్ వరుస గురించి అచ్చువేసినప్పుడు, అతడు ఆ ఏడాది మొత్తం వేసిన ఇన్నింగ్స్ ఎన్ని, వాటిలో పరుగు రానివి ఎన్ని అన్న రెండు అంకెలను పక్కనే వేయండి. ఆ వరుసలో ఎదురైన జట్లు ఏవో ఒక్క వాక్యంలో చెప్పండి. గెలుపుల వరుస అయితే, అతడి జట్టు ఆ మ్యాచ్‌లలో తీసిన పరుగులు కూడా చెప్పండి. "ఊపు" అన్న మాటను వదలమనను. బంతి వేగమో, స్ట్రైక్‌ఔట్ల (బ్యాటర్ మూడు స్ట్రైకులతో ఔటవడం) శాతమో మారిందని చూపగలిగిన రోజున దానిని నిస్సంకోచంగా వాడండి. దీనికి రెండు పంక్తుల చోటు చాలు. అంకెలు సమకూర్చేవారు మీ వద్ద లేకపోతే, సీజన్ సాగినన్నాళ్లు నెలకొకసారి ఆ పట్టికను తయారుచేసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నాకు ప్రతిఫలమేమీ అక్కరలేదు.

భవదీయుడు,
విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి.